నాన్న ప్రాజెక్టుకి అయిదుకి అయిదు

ముందు నా నిర్వాకం చెప్పి, ఆ తర్వాత లోకం సంగతి మాట్లాడతాను. అదే మర్యాద.

మా అమ్మాయి హైదరాబాదులో తొమ్మిదో తరగతి చదువుతోంది. స్టేట్ సిలబస్. జులైలో ఒక ఆదివారం రాత్రి, భోజనాలయ్యి పడుకోబోతుంటే "నాన్నా, రేపు సోషల్ ప్రాజెక్టు ఇవ్వాలి" అంది. ఏమిటమ్మా అది అంటే, మా వీధిలో పది ఇళ్లకి వెళ్లి, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, రోజుకి ఎన్ని బిందెలు వాడుతున్నారు, ఎండాకాలంలో ఎన్ని ట్యాంకర్లు తెప్పించుకున్నారు అని అడిగి, పట్టిక వేసి, దానిమీద నాలుగు మాటలు రాయాలట. చెప్పి రెండు వారాలైందట. రాత్రి తొమ్మిదిన్నరకి ఎవరింటి తలుపు కొడతాం?

తిట్టాల్సినన్ని తిట్టాను. తిట్టడం అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచాను. ఎక్సెల్‌లో పది ఇళ్లు పుట్టించాను. నాలుగింటికి బోరు, మూడింటికి మంజీరా నీళ్లు, రెండింటికి రెండూ. ఒకింట్లో బోరు ఎండిపోయినట్టు కూడా రాశాను. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా! రంగురంగుల పై చార్టు ఒకటి వేసి, "భూగర్భ జలాలను కాపాడుకోవడం మనందరి బాధ్యత" అని ముగింపు వాక్యం తగిలించి, పదకొండున్నరకి ప్రింటు తీశాను. ప్రాజెక్టు గల పిల్ల అప్పటికి గాఢనిద్రలో ఉంది.

అయిదుకి అయిదు వచ్చాయి. టీచరుగారు క్లాసులో పైకెత్తి చూపించి "ప్రాజెక్టంటే ఇలా ఉండాలి" అన్నారట. మా అమ్మాయిని మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"మొత్తానికి ఈ వయసులో తొమ్మిదో తరగతిలో ఫస్టొచ్చారు" అంది మా ఆవిడ. నేనూ నవ్వేశాను. కానీ తర్వాత నన్ను తొలిచింది ఇంకో సంగతి. మా అమ్మాయికి ఇందులో తప్పేమీ కనబడలేదు. "అందరికీ వాళ్ల నాన్నలే చేస్తారు నాన్నా. కొందరికి ట్యూషన్ సార్ చేస్తాడు. ఇద్దరు ముగ్గురు చాట్‌జీపీటీతో చేయించేశారు" అంది, ఇవాళ కూరేంటో చెప్పినంత మామూలుగా.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. హైస్కూల్లో ఇప్పుడు ఫార్మేటివ్ అసెస్‌మెంటు అని ఏడాదికి నాలుగుసార్లు ఉంటుంది. ఒక్కో సబ్జెక్టుకి 20 మార్కులు. క్లాసులో పాల్గొన్నందుకు అయిదు, రాతపనికి అయిదు, ప్రాజెక్టుకి అయిదు, స్లిప్ టెస్టుకి అయిదు. కాగితం మీద చూస్తే చక్కటి ఆలోచన. పిల్లలు బట్టీ పట్టడం మాని, నలుగురిలోకి వెళ్లి, చూసి, అడిగి నేర్చుకోవాలని పెట్టారు. మా ఇంట్లో అది నేను ఎక్సెల్ నేర్చుకోవడానికి పనికొచ్చింది.

పిల్లల్లో నిజాయితీ తగ్గిపోయింది, మా కాలంలో ఇలా కాదు అని రాద్దామని కూర్చుంటే, మా కాలం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

నేను పదో తరగతి రాసింది 1993లో. లెక్కల పరీక్ష, చివరి అరగంట, బిట్ పేపరు. మా తరం వాళ్లకి బిట్ పేపరంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక్కోదానికి అరమార్కు, ఎ బి సి డి లలో ఒకటి బ్రాకెట్లో వేయాలి. మా గదిలో ఇన్విజిలేటర్ వేరే ఊరి తెలుగు మాస్టారు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు, చాలా నెమ్మదస్తుడు. పావుగంట గడిచాక ఎవరో కిటికీలోంచి ఒక కాగితం అందించారు. మాస్టారు గుమ్మం దగ్గరికెళ్లి అటూ ఇటూ చూసొచ్చి, గొంతు తగ్గించి "ఒకటి బి, రెండు ఎ, మూడు డి..." అంటూ మొదలుపెట్టారు. పద్యం అప్పజెప్పినట్టే ఉంది. గదంతా వంచిన తల ఎత్తకుండా రాసుకుంటోంది.

అందులో ఒక ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. 2, 5, 8, 11... ఈ శ్రేఢిలో పదో పదం ఎంత అని. నేను 29 అని లెక్కేసుకుని, ముందే బ్రాకెట్లో బి పెట్టాను. మాస్టారు సి అన్నారు. సి అంటే 32. (ఇప్పుడైతే ఆఫ్ బై వన్ ఎర్రర్ అని నవ్వుకునేవాణ్ణి. అది పదకొండో పదం.) వేళ్లమీద మళ్లీ లెక్కపెట్టి చూశాను. 29 వచ్చింది. అయినా నా బి కొట్టేసి, సి పెట్టాను.

పోయింది అరమార్కే. ఆ అరమార్కు గురించి నాకు బెంగ లేదు. పదో తరగతి దాకా లెక్కలు ఇష్టపడి చేసుకున్న కుర్రాడు, తనకి వచ్చిన లెక్కని తన చేత్తో కొట్టేసి, కిటికీలోంచి వచ్చిన జవాబు రాసుకున్నాడు. కాపీ అంటే రానివాడు వచ్చినట్టు నటించడమేనని అందరూ అనుకుంటారు. వచ్చినవాడికి కూడా తనకి వచ్చిందన్న నమ్మకం పోతుందని ఆ రోజు నాకు తెలిసింది. తెలిసిందంటే ఆ రోజే కాదు లెండి, పదేళ్లు పట్టింది.

నా పక్క బెంచీలో కూర్చున్నవాడు మా వీధివాడే. లెక్కల్లో వాడికి భిన్నాలే సరిగ్గా వచ్చేవి కావు. ఆ బిట్ పేపరు పుణ్యమా అని గట్టెక్కాడు. ఊళ్లో స్వీట్లు పంచారు. వాళ్ల నాన్న అప్పుచేసి టౌన్లో ఇంటర్ ఎంపీసీలో చేర్పించాడు. మొదటి ఏడాదే తప్పాడు, మళ్లీ తప్పాడు, మానేశాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే కలిశాడు. మాటల్లో ఆ పరీక్ష ప్రస్తావన వచ్చింది. "ఆ రోజే ఫెయిల్ చేసుంటే మా నాన్న టెన్త్‌కి ఇంకో ఏడాది కూర్చోబెట్టేవాడురా. పాసయ్యానని ఎవరికీ తెలీలేదు, నాకేమీ రాదని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

పేద పిల్లలు పాపం, పాసైపోతే ఏదో దారి చూసుకుంటారు అని జాలిపడే మాస్టర్లు నాకు చాలామంది తెలుసు. మంచివాళ్లే. కానీ ఈ జాలి ఎవరి నెత్తిన పడుతోందో చూడండి. డబ్బున్న ఇంటి పిల్లాడికి రాని లెక్క నేర్పడానికి ట్యూషన్ మాస్టారు ఉంటాడు. లేనివాడికి బడి ఒక్కటే దిక్కు. వాడికేమి రాదో బడికి తెలిసే ఒకే ఒక్క సాధనం పరీక్ష. దాన్నే మనం దయతలిచి పాడుచేశాం.

ఇప్పుడు నా అసలు మాట చెప్తాను. హైస్కూలు పిల్లలు కాపీ కొడుతున్నారని మనం అంటాం గానీ, ఎక్కువ చోట్ల కాపీ కొట్టిస్తున్నది పెద్దవాళ్లు. పిల్లలు నేర్చుకుంటున్నారు, అంతే.

పేపర్లలో వచ్చినవే గుర్తు చేసుకోండి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు మొదలైన రోజునుంచే ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో తిరిగాయి. పోలీసులు పదుల సంఖ్యలో అరెస్టులు చేశారు. అందులో చాలామంది టీచర్లే. 2023 ఏప్రిల్ 3న తెలంగాణలో పరీక్షలు మొదలైతే, తాండూరులో తెలుగు పేపరు ఫొటో బయటికొచ్చింది. ఫోన్లో ఫొటో తీసింది ప్రభుత్వ టీచరేనని కేసు పెట్టారు. మర్నాడు హనుమకొండ జిల్లాలో హిందీ పేపరు. అక్కడ బయటివాళ్లు కిటికీ దగ్గర కూర్చున్న ఒక పిల్లాడి పేపరుని ఫొటో తీశారు. ఆ పిల్లాణ్ణి అయిదేళ్లు డిబార్ చేశారు. బెదిరించి తన పేపరు లాక్కున్నారని వాడు మొత్తుకున్నాడు. చివరికి మిగతా పరీక్షలైనా రాయనివ్వమని హైకోర్టు చెప్పాల్సొచ్చింది. ఆ వయసులో మనకి అయిదేళ్లంటే ఎంతో ఒక్కసారి ఊహించుకోండి.

చట్టాల్లేక కాదు. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాల నిరోధానికి మనకి 1997లోనే చట్టం వచ్చింది. జైలు శిక్ష కూడా ఉంది. ఇప్పుడు దానికి తోడు సెంటర్లో ఫోన్ నిషేధం, సీసీ కెమెరాలు, ప్రశ్నపత్రం మీద క్యూఆర్ కోడ్లు. ఇవి వద్దని నేననను, లీకులు చేసేవాళ్లకి ఆ మాత్రం తాళం ఉండాల్సిందే. కాకపోతే ఇవన్నీ ఏడాదిలో పది రోజుల కోసం. మిగతా రోజుల్లో బడిలో ఏం జరుగుతోంది అన్నది ఏ కెమెరాకీ కనబడదు.

గాంధీగారి కెటిల్ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. రాజకోటలో హైస్కూలు మొదటి ఏడాది, ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చి అయిదు ఇంగ్లీషు మాటలు స్పెల్లింగు రాయమన్నాడు. గాంధీ కెటిల్ తప్పు రాశాడు. పక్కవాడి పలక చూసి దిద్దుకోమని మాస్టారు బూటు కాలితో తట్టి సైగ చేశాడు. గాంధీ చూడలేదు. నీతి: మనం కూడా గాంధీలాగే కాపీ కొట్టకూడదు. ఇంతటితో మనకి కథ చెప్పేస్తారు.

ఆయన ఆత్మకథలో ఇంకో సంగతి కూడా ఉంది. తను తప్ప క్లాసులో మిగతావాళ్లందరూ అయిదు మాటలూ సరిగ్గా రాశారని ఆయనే రాసుకున్నాడు. తర్వాత ఆ మాస్టారు, నువ్వెంత తెలివితక్కువవాడివో అని గాంధీకే నచ్చజెప్పబోయాడు కూడా. నాకు ఈ కథలో మాస్టారే ఆసక్తిగా కనిపిస్తాడు. ఆయనెందుకు సైగ చేశాడు? ఇన్‌స్పెక్టరు ముందు క్లాసు పరువు. బహుశా తన ఉద్యోగం కూడా. బూటు స్థానంలో కిటికీలోంచి కాగితం వచ్చింది, తర్వాత వాట్సాప్ వచ్చింది. ఆ క్లాసులో ఒక్క గాంధీ తేలాడని మనం సంతోషిస్తాం. మిగతా పిల్లలు ఆ రోజు ఏం నేర్చుకున్నారన్నది పాఠంలో లేదు.

ఈ ప్రశ్న మీద అమెరికాలో 1920లలోనే పెద్ద అధ్యయనం జరిగింది. హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు దాదాపు పదకొండు వేలమంది బడిపిల్లలకి రకరకాల పరీక్షలు పెట్టి, మోసం చేసే వీలు కల్పించి చూశారు. ఒక పద్ధతి భలే ఉంటుంది. పిల్లల జవాబు పత్రాలు తీసుకుని, రహస్యంగా నకలు రాసిపెట్టుకుని, మర్నాడు ఎవరి పత్రం వాళ్లకిచ్చి, మీరే దిద్దుకుని మార్కులేసుకోండి అనేవాళ్లు. రెండూ పక్కపక్కన పెడితే ఎవరు ఏం దిద్దారో తెలిసిపోతుంది. 1928లో ఫలితాలు పుస్తకంగా వేశారు. నిజాయితీపరుడైన పిల్లాడు, మోసగాడైన పిల్లాడు అని రెండు జాతులు వాళ్లకి దొరకలేదు. ఒకచోట మోసం చేసినవాడు ఇంకోచోట చెయ్యలేదు. నీతిబోధ చేసే సంఘాల్లో చేరినంత మాత్రాన పెద్ద తేడా కనబడలేదు. తేడా ఎక్కడ కనబడిందంటే, క్లాసుకీ క్లాసుకీ మధ్య. ఒక గదిలో వాతావరణం ఎలా ఉంటే అందులో పిల్లలు అలా ఉన్నారు.

నూరేళ్ల కిందటి మాట, పరాయి దేశం మాట. అయినా నా మటుకు నాకు మన హైస్కూళ్లకి అచ్చంగా సరిపోతుందనిపిస్తుంది. అసెంబ్లీలో ప్రతిజ్ఞ చేయించి, గోడమీద "సత్యమే పలకవలెను" అని రాయించి, సాయంత్రం అదే గోడకింద కూర్చుని రికార్డులు ఒకళ్లవి చూసి ఒకళ్లని రాయమంటే, పిల్లలు గోడని నమ్ముతారా, టీచర్ని నమ్ముతారా?

మరి టీచర్లు అలా ఎందుకు చేస్తున్నారు? దీనికి జవాబు నా ఉద్యోగంలో దొరికింది.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక మేనేజరుండేవాడు. ప్రతి శుక్రవారం టెస్టు కేసులన్నీ పాసవ్వాలి, బోర్డు మీద అంతా పచ్చగా కనబడాలి అని ఆయన పట్టుదల. ఎర్రగా కనబడితే మీటింగులో నిలబెట్టి అడిగేవాడు. రెండు నెలలయ్యేసరికి బోర్డు పచ్చటి వరిచేనులా ఉంది. ఫెయిలయ్యే టెస్టులన్నిటినీ ఎవరికి వాళ్లం కామెంట్ చేసి పడేశాం! కస్టమర్ దగ్గర ప్రోగ్రాం కూలబడ్డ రోజున గానీ సంగతి బయటపడలేదు. మేమెవరం పుట్టు మోసగాళ్లం కాదు. బగ్ ఉందని చెప్పినవాడికి తిట్లు, దాచినవాడికి శెభాష్ అన్నచోట ఎవరైనా ఏం చేస్తారు?

బడుల్లో ఆ బోర్డు పేరు ఉత్తీర్ణతా శాతం. ప్రభుత్వ బడిలో శాతం తగ్గితే మెమో వస్తుంది. ప్రైవేటు బడిలో తగ్గితే ఫ్లెక్సీ ఉండదు, ఫ్లెక్సీ లేకపోతే అడ్మిషన్లుండవు. పదో తరగతిలో బడి చేతికే 20 మార్కులు ఇచ్చినప్పుడు ఏమైందో చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో ఎడాపెడా వేసుకుంటున్నారని 2019లో ఆ ఇంటర్నల్ మార్కులు తీసేశారు. విడిగా ఇచ్చే బిట్ పేపరూ తీసేశారు. 2019లో అక్కడ పదో తరగతి ఉత్తీర్ణత 94.88 శాతం. కోవిడ్‌తో రెండేళ్లు పరీక్షలే జరగలేదు. 2022లో జరిగితే 67.26 శాతం. బడులు నెలల తరబడి మూతబడ్డాయన్నది నిజమే, దాని దెబ్బ పెద్దదే. కానీ ఆ తేడా అంతా కోవిడ్ ఖాతాలో రాసేసి చేతులు దులుపుకోవడానికి నా మనసొప్పదు.

1992లో ఉత్తరప్రదేశ్‌లో ఇంకో రకంగా తేలింది. కాపీ కొడితే జైలే అని చట్టం తెస్తే, ఆ ఏడాది హైస్కూలు పరీక్ష గట్టెక్కినవాళ్లు నూటికి పదిహేనుమంది లోపే. ప్రభుత్వం మారాక ఆ చట్టాన్నే ఎత్తేశారు. జ్వరం చూపించిందని థర్మామీటరు పగలగొట్టినట్టు.

జ్వరం ఎంతుందో తెలియాలంటే 2023 అసర్ సర్వే చూడండి. పల్లెటూళ్లలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని ఇళ్లకి వెళ్లి అడిగారు. ఎక్కువమంది బడిలోనో కాలేజీలోనో ఉన్నవాళ్లే. దాదాపు నాలుగోవంతు మంది రెండో తరగతి పాఠాన్ని సొంత భాషలో తడబడకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమంటే సగానికి పైగా చెయ్యలేకపోయారు. వీళ్లు కూడా ఏటేటా ఏవో పరీక్షలు పాసవుతూ వచ్చినవాళ్లే కదా.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లల దృష్టిలో చూపించడం మోసం కాదు, స్నేహధర్మం. టిఫిన్ బాక్సు పంచుకున్నట్టే జవాబూ పంచుకుంటారు. చూపించనివాడు పిసినారి, స్వార్థపరుడు. వీళ్లతో "అది నేరం" అంటే ఎక్కదు, ఎక్కాల్సిన అవసరం కూడా లేదు. ఆ పంచుకునే గుణం మంచిది. పరీక్షకి ముందురోజు వాడికి లెక్క చెప్పిపెట్టు, పరీక్షలో మాత్రం వాణ్ణి సొంతంగా చెయ్యనీ అని చెప్పాలి. అలా కలిసి చదువుకోవడానికి బడిలో ఒక పీరియడంటూ ఉండాలి కూడా.

సరే, మళ్లీ మా ఇంటికొద్దాం. రెండో విడత ప్రాజెక్టు వచ్చింది. ఈసారి ఇళ్లలో తడిచెత్త పొడిచెత్త వేరు చేస్తున్నారా లేదా అన్న సర్వే. మళ్లీ పది ఇళ్లు. నేను ముట్టుకోనని ముందే చెప్పేశాను. మా అమ్మాయి మూడు సాయంత్రాలు తిరిగింది. ఒకచోట వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. రెండిళ్లకి తాళాలు. ఒకాయన "మీ నాన్నకి చెప్పి ముందు మీ ఇంటి ముందు శుభ్రం చేయించు" అని పంపించేశాడు. ఇంకొకావిడ జంతికలు పెట్టి, అమెరికాలో ఉన్న కొడుకు గురించి అరగంట చెప్పింది. చివరికి ఆరిళ్లు తేలాయి. స్కేలు జారి వంకరపోయిన గీతలతో పట్టిక వేసి, కింద "నాలుగిళ్లలో సమాచారం దొరకలేదు" అని ఉన్నదున్నట్టు రాసింది.

మూడు మార్కులొచ్చాయి.

"నీ అబద్ధానికి అయిదు, నా నిజానికి మూడు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు ధైర్యం చేసి టీచరుగారితో మాట్లాడాను. మొదటి ప్రాజెక్టు నేనే చేశానని ఒప్పుకున్నాను కూడా. ఆవిడ నవ్వారు. "ఆ చార్టు చూడగానే తెలిసిందండీ. నాకు నాలుగు సెక్షన్లు, రెండొందల మంది పిల్లలు. గడువులోగా మార్కులన్నీ ఎక్కించాలి. ప్రతీది చదివే తీరిక ఎక్కడిది?" అన్నారు. మరి తెలిసీ అయిదెందుకు వేశారండీ అంటే, "వెయ్యకపోతే మీరే వచ్చి గొడవ పెట్టుకుంటారు కదండీ" అన్నారు. ఒక్క నిమిషం ఆగి, "కానీ క్లాసులో చూపించి ఉండకూడదు. అది నా పొరపాటే" అన్నారు.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. మొదటి మాటకి సిగ్గేసింది, రెండో మాటకి గౌరవం పెరిగింది. తన పొరపాటు తనే ఒప్పుకునే టీచరు ఉన్న గదిలో పిల్లలు కూడా ఒప్పుకోవడం నేర్చుకుంటారనిపించింది. ఆవిడతో అరగంట మాట్లాడాక, నాకు తోచినవి ఇవి. నేను విద్యావేత్తని కాను, తప్పులుంటే చెప్పండి.

1. ఎవరు పని చేసుకొచ్చినా దానిమీద రెండు ప్రశ్నలు అడగాలి. నువ్వే రాశావా అని గద్దించి అడగక్కర్లేదు. ఇందులో నీకు ఆశ్చర్యం అనిపించింది ఏమిటి, ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది అంటే చాలు. రెండొందల మందిని అడగలేకపోతే చీటీ తీసి అయిదుగురిని అడగండి. ఎవరి పేరు వస్తుందో తెలీదు కాబట్టి అందరూ చదువుకునే వస్తారు. నాన్న చేసినా చాట్‌జీపీటీ చేసినా, ఈ రెండు ప్రశ్నల దగ్గర దొరికిపోతారు.

2. ప్రతి ప్రాజెక్టు చివర "నాకు సాయం చేసినవాళ్లు" అని ఒక వరస పెట్టాలి. అమ్మ, నాన్న, గైడు, ఇంటర్నెట్, ఏదైనా సరే. రాస్తే మార్కులు తగ్గకూడదు. ఇతరుల మాటని మన మాటగా చెప్పుకోకూడదన్న సంగతి పీహెచ్‌డీలో నేర్చుకునేది కాదు, ఏడో తరగతిలో నేర్చుకోవాలి.

3. "దొరకలేదు", "రాలేదు", "తెలియలేదు" అని నిజం రాసినవాడికి మార్కు ఉండాలి. ఆరిళ్లే తిరిగినవాడు ఆరిళ్లని రాస్తే, మిగతా నాలుగు ఎందుకు దొరకలేదో చెబితే, అది పూర్తి ప్రాజెక్టే. ఇది ఒక్కటి మారినా చాలా మారుతుందని నా నమ్మకం.

4. క్లాసు పరీక్షలో మొదటిసారి దొరికిన పిల్లాణ్ణి అసెంబ్లీలో నిలబెట్టి దొంగ అనకండి. మళ్లీ కొత్త పేపరు రాయించండి, ఎందుకు చూశావో పక్కకి పిలిచి అడగండి. సగం సార్లు "నాకసలు ఆ పాఠమే అర్థం కాలేదు సార్" అన్న జవాబు వస్తుంది. ఆ ముక్క తెలియడానికే కదా పరీక్ష పెట్టింది.

5. గైడులో ఉన్న ప్రశ్నే అక్షరం పొల్లుపోకుండా ఇస్తే గైడులో ఉన్న జవాబే వస్తుంది. క్లాసు పరీక్షలోనైనా పుస్తకం తెరిచిపెట్టుకుని రాయగలిగే ప్రశ్నలు కొన్ని ఇవ్వండి. చూసి రాయడానికి ఏమీ లేనప్పుడు కాపీకి పనే ఉండదు.

6. అన్నిటికన్నా ముఖ్యం, నిజం చెప్పిన టీచరుకి మెమో ఇవ్వకండి. జూన్‌లో నిజాయితీగా ఒక పరీక్ష పెట్టి, నా క్లాసులో పదిహేనుమందికి భాగహారం రాదు అని రాసిచ్చిన టీచరుకి సాయం పంపండి. మార్చిలో వాళ్లలో ఎంతమందికి వచ్చిందో అడగండి. ఆ లెక్క ముందు ఉత్తీర్ణతా శాతం దిగదుడుపే.

ఏడోది తల్లిదండ్రులకి. చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఇది రాయడం ఎంత తేలికో చెయ్యడం అంత కష్టం. కళ్లముందు పిల్ల వంకర గీతలు గీస్తుంటే, ఆ స్కేలు ఇలా ఇవ్వు అనబోయి ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో నాకే తెలుసు.

ఇదంతా బడికోసమేనా అంటే, కాదు. ఇప్పుడు నేను ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఫోన్లో గడగడా జవాబులు చెప్పినవాడు ఒకడు, మొదటి రోజు ఆఫీసుకి వచ్చినవాడు ఇంకొకడు అయిన సందర్భాలున్నాయి. చెయ్యని ఉద్యోగానికి మూడేళ్ల అనుభవం రాసుకొచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. అలాంటి కుర్రాణ్ణి ఒకణ్ణి ఎందుకిలా చేశావయ్యా అని అడిగితే, "అందరూ అలాగే పెడతారు సార్" అన్నాడు. ఆ మాట నేను మా ఇంట్లో విన్నాను, తొమ్మిదో తరగతి గొంతుతో. పదహారేళ్లకి మా వేళ్లు కూడా అదే మాట చెప్పి బి కొట్టేసి సి పెట్టాయి.

టీచరుగారు మూడో విడతకి చీటీలు తీస్తానన్నారు. ఒక్క సెక్షనులో తీసి చూస్తారట, కుదిరితే మిగతావాటిలో. మా అమ్మాయి ఈసారి రెండు వారాల ముందే మొదలుపెట్టింది. ఎనిమిదిళ్లు అయ్యాయి. మొన్న గొడవపడ్డాయన ఈసారి మంచినీళ్లిచ్చి మరీ జవాబులు చెప్పాడట. మార్కులింకా రాలేదు.

మీ ఇళ్లలో ప్రాజెక్టులు ఎవరు చేస్తున్నారు? నిజం చెప్పండి, మార్కులేమీ తగ్గించను.